బీడు కాదది... జినువాయి వాడ!

గుప్పెట్లో పట్టేంత పిట్ట. బరువు పది, పన్నెండు గ్రాములు. తిండి గడ్డిగింజలు. ఇల్లు ముళ్లపొద. హైదరాబాద్ పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం బీళ్లలో తరతరాలుగా కాపురముంటోంది. ‘అక్కడేముంది, ఉత్త బీడు’ అని మనమనుకునే నేలలో ఎంత బతుకుందో తెలియాలంటే ఓ ఉదయం ఈ పిట్ట వెంట తిరిగి రావాల్సిందే!

ఎల్బీ నగర్ దాటి సాగర్ రోడ్డెక్కితే బీఎన్ రెడ్డి నగర్, తుర్కయాంజాల్, రాగన్నగూడ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. ఎక్కడ నగరం అయిపోయిందో, ఎక్కడ పల్లె మొదలైందో చెప్పడం కష్టం. బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటాక మాత్రం కాస్త ఊపిరాడుతుంది. అటూ ఇటూ ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు, వాటి వెనక వెంచర్ల ఆర్చీలు, వాటికీ వెనక రాతిగుట్టలు. మంగళ్‌పల్లి, శేరిగూడ దాటితే ఇబ్రహీంపట్నం.

ఈ ఊరికి ఆ పేరు రావడానికీ, ఇక్కడి పెద్ద చెరువుకీ కారణం ఒక్కరే. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా. తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని ముద్దుగా పిలుచుకున్న సుల్తాను ఆయనే. హుస్సేన్ సాగర్ కూడా ఆయన కాలంలోనే వెలిసింది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కొన్ని దశాబ్దాల పాటు చుక్క నీరు లేక బోసిపోయింది. ఇటీవలి సంవత్సరాల్లో కురిసిన మంచి వానలకు మళ్లీ నీళ్లొచ్చాయి. నీళ్లతోపాటే కొంగలూ, బాతులూ వచ్చాయి. పక్షులను చూసేవాళ్లు కెమెరాలు మెడలో వేసుకుని ఆదివారం పూట ఇటు రావడం మామూలైంది.

అందరి చూపూ నీళ్లవైపే. మనం మాత్రం కట్ట దిగి, చెరువుకు వీపు పెట్టి అవతలికి నడుద్దాం. అక్కడ ఎర్రమట్టి చెల్కలున్నాయి. సాగు లేక వదిలేసిన మడులున్నాయి. తంగేడు, రేగు, జిల్లేడు, సీతాఫలం, నల్లతుమ్మ, సర్కారుతుమ్మ... వాటి మధ్య మోకాలెత్తు గడ్డి. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. సన్నని గాజులు కదిలినట్టు చప్పుడొకటి వినిపిస్తుంది. గడ్డిలోంచి పదీ పదిహేను పిట్టలు ఒక్కసారిగా లేచి, గాల్లో ఎగుడుదిగుడుగా సాగి, నాలుగడుగుల అవతలున్న రేగుపొద మీద వాలతాయి.

అవే జినువాయిలు!

వెండిముక్కు పిట్ట

దూరం నుంచి చూసి ‘పిచ్చుకలే కదా’ అనుకుంటాం. కానే కాదు. ఊరపిచ్చుక పదిహేను సెంటీమీటర్ల దాకా ఉంటే, జినువాయి సుమారు పదకొండు సెంటీమీటర్లే ఉంటుంది. వీపు లేత మట్టిరంగు. గొంతు, పొట్ట తెలుపు. తోక నల్లగా, చివర సూదిలా ఉంటుంది. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లని మచ్చ మెరుస్తుంది. అన్నిటికంటే ముందు గుర్తుపట్టాల్సింది ముక్కును. పొట్టిగా, లావుగా, శంకువులా ఉండి వెండి పూత పూసినట్టు బూడిదరంగులో నిగనిగలాడుతుంది. అందుకే ఇంగ్లిష్‌లో దీన్ని ‘ఇండియన్ సిల్వర్‌బిల్’ అంటారు. పాత పుస్తకాల్లో ‘తెల్లగొంతు మునియా’ అని రాశారు. మగపిట్టకీ ఆడపిట్టకీ తేడా కనిపెట్టడం మన కంటికి దాదాపు అసాధ్యం. పాట పాడేది మాత్రం మగదే.

ఒంటరిగా ఉండటం దీనికి చేతకాదు. ఒకటి ఎగిరితే అన్నీ ఎగురుతాయి. ఒకటి వాలిన కొమ్మ మీదే మిగిలినవీ వాలతాయి. ఖాళీ కొమ్మ ఎంత పొడుగున్నా సరే, ఒకదాన్నొకటి ఒరుసుకుని వరసగా కూర్చుంటాయి. పక్కనున్నదాని మెడ మీది ఈకలను ముక్కుతో సవరిస్తాయి. చలికాలం పొద్దున్నే ఈ దృశ్యం చూస్తే, పెళ్లింట్లో ఒకే దుప్పట్లో దూరిన పిల్లలు గుర్తుకొస్తారు.

పాకిస్థాన్ నుంచి శ్రీలంక దాకా, పడమట అరబ్బు నేలల్లోనూ ఇది కనిపిస్తుంది. దీని తోడబుట్టిన జాతి మరొకటి ఆఫ్రికాలో ఉంది. సహారా ఎడారికి దక్షిణాన, ముళ్లచెట్లూ గడ్డీ కలగలిసిన సవన్నా నేలలు దాని నివాసం. ఆ ఫొటోనూ ఇబ్రహీంపట్నం ఫొటోనూ పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఊరివంటే నమ్మేస్తాం. అక్కడా తుమ్మలే, ఇక్కడా తుమ్మలే. ఏడాదిలో నాలుగు నెలలు పచ్చగా, మిగతా ఎనిమిది నెలలు ఎండుగడ్డి రంగులో ఉండే నేలలివి. ఆఫ్రికాలో ఉంటే సవన్నా అని విమానమెక్కి వెళ్లి చూస్తాం. ఇంటి పక్కనుంటే బీడంటాం!

గింజ ఉంటే పండగే

జినువాయి తిండి చాలా చవక. గడ్డిగింజలు దొరికితే చాలు. నిలబడ్డ గడ్డికంకిని పట్టుకుని వేలాడుతూ కొన్ని తింటాయి. ఎక్కువగా నేలమీద గెంతుతూ రాలిన గింజలు ఏరుకుంటాయి. ఆ లావుపాటి ముక్కు ఓ బుల్లి దంపుడు యంత్రం. గింజను ముక్కు అంచున ఇరికించి, నాలుకతో తిప్పుతూ నొక్కితే పొట్టు ఊడి కింద పడుతుంది. పప్పు గొంతులోకి జారుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. అప్పుడప్పుడూ చిన్న పురుగులనూ తింటుంది.

ఎండుగింజలు తినేవాటికి దాహం ఎక్కువ. అందుకే ఎంత మెట్టనేలలో ఉన్నా దగ్గర్లో ఎక్కడో ఓ నీటిచుక్క కావాలి. పెద్ద చెరువు నిండటం వల్ల నీటిపక్షులకే కాదు, ఈ మెట్టపిట్టకూ మేలే జరిగింది. నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ శిఖం భూమిలో గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కంకులేస్తే జినువాయిలకు పండగ.

వాన పడగానే మొలిచిన గడ్డి దసరా, దీపావళి నాటికి గింజ కడుతుంది. చలికాలమంతా ఆ గింజ రాలుతూనే ఉంటుంది. ఎండాకాలంలో మనకు ఒట్టి మట్టిలా కనిపించే నేలలో కూడా ముందటి ఏడు రాలిన గింజలు దాగి ఉంటాయి. అంటే ఈ బీడు ఓ పాతర లాంటిది. పూర్వం మన ఇళ్లలో జొన్నలు పాతరేసుకున్నట్టే, ఈ నేల గింజను దాచి ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా పెడుతుంది. ఒక్కసారి బుల్‌డోజర్ వచ్చి పైమట్టి గీకేసిందంటే పాతర మొత్తం పోయినట్టే.

రైతుకూ ఈ పిట్టకూ పాత పేచీ ఉంది. జొన్న, సజ్జ, కొర్ర, తైదలు పండించిన రోజుల్లో కంకి పాలుపోసుకున్న దగ్గర్నుంచి కోత దాకా చేలో మంచె ఉండేది. మంచె మీద వడిసెల తిప్పుతూ, డబ్బా వాయిస్తూ పిల్లలో ముసలివాళ్లో కాపలా కాసేవారు. పిచ్చుకలు, గిజిగాళ్లు, జినువాయిలు, చిలకలు అన్నీ దొంగలే! ఎంత తోలినా ఎన్నో కొన్ని గింజలు వాటి పొట్టలోకి పోయేవి. ‘పిట్టల వాటా’ అని రైతు సర్దుకునేవాడు. ఆ పంటల స్థానంలోకి పత్తి వచ్చింది. పత్తిచేనుకు మంచె అక్కర్లేదు. పిట్ట తినేది అందులో ఏమీ లేదు మరి. పేచీ తీరిపోయింది, వాటా కూడా పోయింది. ఇప్పుడు జినువాయికి మిగిలిన దిక్కు గట్ల మీది గడ్డి, సాగులేని బీడు.

ముళ్లపొదలో మేడ

ఇల్లు కట్టడంలో జినువాయికి పెద్ద పనితనం లేదు. ఈ విషయంలో దాని పొరుగింటాయన గిజిగాడు అసలైన మేస్త్రీ. ఆ పిట్ట గూడు మీద జాషువా రాసిన పద్యాలు చదువుకుని పెరిగిన తరాలున్నాయి. జినువాయి మీద అలాంటి పద్యాలేవీ స్కూలు పిల్లల నోట వినపడవు. ముతకగడ్డిని పోగేసి, గుండ్రంగా చుట్టి, పక్కన ఓ కన్నం వదిలేస్తుంది. లోపల మెత్తటి గడ్డి, ఈకలు పరుస్తుంది. బయటి నుంచి చూస్తే గాలికి కొట్టుకొచ్చి పొదలో చిక్కుకున్న గడ్డి ఉండలా ఉంటుంది. బహుశా అదే దానికి రక్షణ. అంత అందవికారమైన దాంట్లో గుడ్లుంటాయని ఎవరికి అనుమానం వస్తుంది!

గూటికి చోటు వెతకడంలో మాత్రం మహా తెలివైంది. రేగు, తుమ్మ లాంటి ముళ్లపొదలనే ఎంచుకుంటుంది. పిల్లి పంజా, కాకి ముక్కు దూరలేని చోటు చూసి కడుతుంది. నాలుగు నుంచి ఎనిమిది దాకా తెల్లటి బుల్లి గుడ్లు పెడుతుంది. ఆలుమగలు వంతులేసుకుని పొదుగుతాయి. పదకొండు రోజులకు పిల్లలు బయటికొస్తాయి. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరాక కూడా కొన్నాళ్లు రాత్రిపూట ఇంటిల్లిపాదీ ఆ గూట్లోనే పడుకుంటాయి. ఉమ్మడి కుటుంబమన్నమాట.

కట్టుకునే ఓపిక లేనప్పుడు ఇంకో ఉపాయం ఉంది. గిజిగాళ్లు వాడి వదిలేసిన గూళ్లలో అద్దె కట్టకుండా దిగిపోవడం! ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ, ఈతచెట్లకూ వేలాడే పాత గిజిగాడు గూళ్లను కాసేపు గమనించండి. గొట్టంలోంచి వెండిముక్కు ఒకటి తొంగిచూసినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక్కడ సర్కారుతుమ్మ గురించి ఓ మాట చెప్పుకోవాలి. ఇది మన చెట్టు కాదు. అమెరికా ఖండం నుంచి తెచ్చి 1870ల్లో కడప ప్రాంతంలో వేశారు. వంటచెరకు కోసమని వచ్చింది కాస్తా తెలుగు నేలంతా పాకింది. దాని ముళ్లపొదలు జినువాయి గూటికి పనికొస్తాయి. కానీ అది దట్టంగా అల్లుకున్నచోట కింద గడ్డి పెరగదు. ఇల్లు దొరికింది కానీ తిండి లేదన్నట్టు అవుతుంది పిట్ట పరిస్థితి. జినువాయికి కావాల్సింది అడవి కాదు, మైదానమూ కాదు. నాలుగు పొదలు, వాటి మధ్య ఎండ పడే గడ్డి. అచ్చంగా మన పాత బీడు.

చుట్టాలు చాలామందే!

తెలుగులో ‘జినువాయి’ అన్నది ఒక్క పిట్టకే కాదు, దాదాపు ఓ ఇంటిపేరు. నల్లతల, దాల్చినచెక్క రంగు ఒళ్లు ఉన్నది నల్ల జినువాయి. చెరువు ఒడ్డున జమ్ము, తుంగ దాని చిరునామా. పొట్టమీద చేపపొలుసుల్లాంటి గీతలున్న చుక్కల మునియా వరిపొలాలకూ, ఊళ్లోని తోటలకూ వస్తుంది. ఇక తొర్ర జినువాయిది అందం. వానాకాలం జత కట్టే వేళ మగపిట్ట కుంకుమరంగులోకి మారి, ఒంటినిండా తెల్ల చుక్కలతో మెరిసిపోతుంది. సీజన్ అయిపోగానే ఆ రంగంతా వదిలేసి మళ్లీ మామూలు మట్టిరంగులోకి వచ్చేస్తుంది.

ఆ ఎర్ర పిట్టకు యూరప్‌లో ‘అవడవట్’ అనే పేరొచ్చింది. అది అహ్మదాబాద్‌కు వికృతి. కొన్ని శతాబ్దాల కిందట ఈ పిట్టలను పంజరాల్లో పెట్టి అక్కడి నుంచి ఓడల్లో పంపేవారట. ఊరిపేరు కాస్తా పిట్టపేరైంది. మన జినువాయి శాస్త్రీయనామంలోనూ ఓ ఊరుంది. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో దీనికి ‘మలబారికా’ అని పేరు పెట్టాడు. జోరువానల మలబారు ఎక్కడ, నీళ్లకు మొహంవాచే ఈ మెట్టపిట్ట ఎక్కడ!

మన అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో పంజరాల్లో కిచకిచలాడే జీబ్రా ఫించ్‌లు కూడా ఈ కుటుంబానివే. వాటి సొంతూరు ఆస్ట్రేలియా. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియాల్లో కలిపి ఈ కుటుంబంలో నూటనలభై దాకా జాతులున్నాయి. స్కూలు పుస్తకాల్లో చదువుకున్న డార్విన్ ఫించ్‌లు మాత్రం వీటికి దగ్గరి చుట్టాలు కావు. గింజలు కొట్టే ముక్కు ఒకేలా ఉంటుందంతే.

పేరు రాసుకున్నవాళ్లు

ఈ తెలుగు పేర్లు మనదాకా రావడంలో ఓ వైద్యుడి చలవ ఉంది. టి.సి.జెర్డన్ ఈస్టిండియా కంపెనీ కొలువులో సర్జన్. నెల్లూరులో కొన్నేళ్లు పనిచేశాడు. రోగులను చూడటంతోపాటు పిట్టలను చూడటం ఆయన పిచ్చి. ఏ పిట్ట కనిపించినా స్థానికులు దాన్నేమంటారో అడిగి రాసుకునేవాడు. 1862-64 మధ్య అచ్చయిన ఆయన పుస్తకం ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో హిందుస్థానీ, తమిళం పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. వేటగాళ్లూ, పశులకాపర్లూ తరాలుగా పిలుచుకున్న పేర్లవి. మనమేమో ఇప్పుడు అన్నిటినీ కలిపి ‘పిచ్చుక’ అనేస్తున్నాం!

తర్వాత 1931-32లో సలీం అలీ వచ్చారు. నిజాం సంస్థానంలోని పక్షుల సర్వే ఆయన తొలినాళ్ల పెద్ద పనుల్లో ఒకటి. అడవులూ గుట్టలూ తిరిగి రాసిన ఆ నివేదిక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో విడతలుగా వచ్చింది. తెలంగాణ పక్షుల గురించి ఇవాళ ఏం రాయాలన్నా మొదట తిరగేసేది దాన్నే. హైదరాబాద్‌లో పక్షి ప్రేమికులు 1980లో ఓ సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు దాని పేరు దక్కన్ బర్డర్స్. వాళ్ల పత్రిక పేరు అచ్చ తెలుగులో ‘పిట్ట’.

పంజరం నుంచి ప్లాటు దాకా

జినువాయికి ఒకప్పుడు పెద్ద భయం పంజరం. మునియాలను వలేసి పట్టి, పచ్చరంగో పసుపురంగో పూసి, ‘విదేశీ పిట్ట’ అని అంటగట్టే వ్యాపారం దేశమంతా నడిచింది. స్నానం చేయిస్తే రంగు కారిపోయేది. కొన్నాళ్లకు పిట్టా పోయేది. 1990-91 నుంచి మన దేశపు అడవి పక్షుల వ్యాపారం పూర్తిగా నిషేధం. ఎవరైనా మునియాలు అమ్ముతున్నారంటే అది నేరం. జాలిపడి కొని వదిలేసినా, మర్నాడు వాళ్లు ఇంకో పది పడతారు. కొనకపోవడమే దానికి చేసే మేలు.

ఇప్పటి భయం వేరు. ఆదిభట్లలో పెద్ద పెద్ద విమాన విడిభాగాల ఫ్యాక్టరీలున్నాయి. అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు తయారుచేసే కర్మాగారం 2018లో అక్కడే మొదలైంది. సాఫ్ట్‌వేర్ క్యాంపస్ ఉంది. కొలువులొచ్చాయి, రోడ్లొచ్చాయి, వాటి వెనకే ప్లాట్లొచ్చాయి. తప్పేం లేదు, మనుషులకు ఇళ్లు కావాలి. కానీ ఈ రోడ్డు పొడుగునా గమనిస్తే ఓ విషయం అర్థమవుతుంది. ఇల్లు కట్టేది ఎప్పుడో! ముందు మాత్రం బీడంతా చదును చేసి, కడీలు పాతి, గడ్డి మొలవకుండా మందు కొట్టి ఏళ్లతరబడి ఖాళీగా ఉంచేస్తారు. మనిషికి ఇల్లు కాలేదు, పిట్టకు ఇల్లు లేకుండా పోయింది.

దీని వెనక ఓ మాట ఉంది. ‘వేస్ట్‌ల్యాండ్’. హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల సాయంతో దేశంలోని బంజరు భూముల అట్లాస్ తయారుచేస్తుంది. 2019లో కూడా ఓ కూర్పు వచ్చింది. అందులో పొదలున్న భూమి కూడా బంజరు కిందే లెక్క. లెక్కల అవసరం లెక్కలది. కానీ కాగితం మీద ‘పనికిరానిది’ అని పడ్డాక, ఆ నేలను ఏం చేసినా అభివృద్ధే అవుతుంది.

మన పెద్దలకు ఇలాంటి నేలకు వేరే పేర్లుండేవి. కంచ, బంచరాయి. పశువులు మేసే ఉమ్మడి జాగా అని అర్థం. అందులో పనికిరాకపోవడమన్న మాటే లేదు. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని చెట్ల నరికివేతను ఆపించింది. అప్పుడు చాలామందికి ‘కంచ’ అన్న మాటకు అర్థం మొదటిసారి తెలిసింది. అక్కడ నెమళ్లున్నాయి, జింకలున్నాయి కాబట్టి గొడవైంది. జినువాయి మాత్రమే ఉన్న కంచల సంగతి ఎవరడుగుతారు?

గుర్తులన్నీ అక్కడివే

ఒక్కసారి గుర్తుచేసుకోండి. తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో రాష్ట్ర చిహ్నాలు ప్రకటించారు. పక్షి పాలపిట్ట. పువ్వు తంగేడు. చెట్టు జమ్మి. జంతువు జింక. వీటిలో మొదటి మూడూ ఎక్కడివి? పాలపిట్ట కరెంటు తీగ మీదో ఎండుకొమ్మ మీదో కూర్చుని బయలు నేలలో పురుగులు పట్టే పక్షి. తంగేడు ఎవరూ నీళ్లు పోయకుండానే బీళ్లలో పూసే పువ్వు. జమ్మి మెట్ట నేలల చెట్టు. బతుకమ్మకు తంగేడుతోపాటు గునుగు కావాలి. అదీ చెల్క గట్ల మీదిదే. దసరాకు జమ్మి కావాలి, పాలపిట్ట కావాలి. మన పండగ సామానంతా ఆ బీడులోనే ఉంది. పండగ నాడు ఆ పువ్వుల కోసం ఎంతెంత దూరం పోవాల్సి వస్తోందో అమ్మలనడగండి. ఒకప్పుడు ఇంటి వెనక దొరికిన తంగేడు ఇప్పుడు బజారులో కట్టల లెక్కన కొంటున్నాం. తంగేడు దూరమైందంటే జినువాయి కూడా అంతే దూరమైందని లెక్క.

నిజం చెప్పాలంటే జినువాయి ఇవాళ ప్రమాదంలో ఉన్న జాతేం కాదు. అంతరించిపోయే పక్షుల జాబితాలో దాని పేరు లేదు. ఇంకా మామూలుగానే కనిపిస్తోంది. అయితే ‘మామూలే కదా’ అన్న ధీమా ఎంత ప్రమాదమో మన రాష్ట్రాలకు తెలుసు. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిమైదానాల్లో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యమే ఏర్పాటుచేశారు. ఇప్పుడు అక్కడ ఆ పక్షి లేదు. కడప పొదల్లోని కలివికోడి అంతరించిపోయిందనే అనుకున్నారు, 1986లో మళ్లీ కనిపించేదాకా. దాని ఇంగ్లిష్ పేరులో జెర్డన్ ఉన్నాడు. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతులను పరిశీలించింది. గడ్డినేలలనూ పొదలనూ నమ్ముకున్న పక్షులకు గడ్డుకాలం నడుస్తోందని అది కూడా హెచ్చరించింది.

మరేం చేయాలి? అందరూ చెప్పేది మొక్కలు నాటమని. 2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా కోట్ల మొక్కలు నాటారు. రోడ్ల పక్కన, ఇళ్ల ముందు, నరికేసిన అడవిలో చెట్టు నాటితే మంచిదే. కానీ ఎప్పటినుంచో గడ్డీ పొదలూ ఉన్నచోట గుంతలు తవ్వి వరసగా చెట్లు పెడితే, నీడకు గడ్డి పోతుంది. గడ్డితో గింజ, గింజతో జినువాయి పోతుంది. కొన్ని నేలలకు మనం చేయగల గొప్ప ఉపకారం వాటి జోలికి పోకపోవడమే.

వెంచర్ వేసేవాళ్లు పార్కుకు వదిలే జాగాలో ఓ మూల పాత పొదలను అలాగే ఉంచొచ్చు. కాలేజీలు ఆవరణంతా లాన్ వేయకుండా అరెకరం గడ్డిని కంకి కట్టనీయొచ్చు. గట్టు మీది గడ్డిని రైతు తగలబెట్టకుండా కోసుకోవచ్చు. ప్లాటు కొన్నవాళ్లు ఇల్లు కట్టేదాకా గడ్డిమందు మానేయొచ్చు. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. మన ఇళ్ల గడపలకూ గుళ్లలోనూ పిట్టల కోసం వరికంకుల కుచ్చులు వేలాడదీసిన జాతి మనది. పండిన పంటలోనే వాటా ఇచ్చినవాళ్లం. పండించని గడ్డిలో ఇవ్వలేమా!

ఎలా వెళ్లాలి? ఎప్పుడు చూడాలి?

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉంది ఇబ్రహీంపట్నం. ఎల్బీ నగర్ నుంచి ఆర్టీసీ బస్సులుంటాయి. సొంత వాహనమైతే బొంగుళూరు దగ్గర ఔటర్ దిగి వెళ్లొచ్చు.

జినువాయిలు ఏడాదంతా ఇక్కడే ఉంటాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా గడ్డి గింజ మీద ఉంటుంది కాబట్టి గుంపులు బాగా కనిపిస్తాయి. తెల్లారాక మొదటి రెండు గంటలు, సాయంత్రం పొద్దు వాలేముందు మంచి సమయం.

బైనాక్యులర్స్ ఉంటే మేలు. లేకపోయినా ఫర్వాలేదు, ఓపిక ఉంటే చాలు. ముదురురంగు బట్టలు వద్దు. ముళ్లుంటాయి కాబట్టి బూట్లు తప్పనిసరి. గూడు కనిపిస్తే దగ్గరికి వెళ్లి ఫొటోలు తీయకండి. మీరు తొక్కిన దారిలోనే కుక్కలూ పిల్లులూ వస్తాయి.

పిల్లల్ని తీసుకెళ్తే చిన్న నోటుపుస్తకం ఇవ్వండి. ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ... రాసుకోమనండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా జరిగే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’లో ఆ లెక్కను ఎవరైనా నమోదు చేయొచ్చు. నెమలి, పాలపిట్ట ఎలాగూ అందరూ రాస్తారు. మీ పిల్లల పుస్తకంలో మాత్రం మొదటి పేరు జినువాయిది కానివ్వండి.